వేళ్లు చెప్పిన గుండె కబురు

ఫిబ్రవరి వచ్చిందంటే చిలకలూరిపేట చుట్టుపక్కల పల్లెల్లో తెల్లారకముందే ఆటోలు కదులుతాయి. మిరప కోతలు మరి! కూలీలంతా క్యారేజీలు పట్టుకుని ఎక్కేస్తుంటే ఆమె మాత్రం ఇంకా వేణ్నీళ్ల గిన్నెలో చేతులు ముంచుకునే కూర్చుంది. వేళ్లు వంగవు, చెంబు పట్టుకుందామన్నా పిడికిలి బిగియదు. గంట గడిస్తేగానీ చేతులు స్వాధీనంలోకి రావు.

‘ఇన్నేళ్లు కాయలు కోసిన చేతులు, నొప్పులు రాకుండా ఉంటాయా?’ అని సరిపెట్టుకుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన బిళ్లలు వేసుకుంటే పొద్దెక్కేసరికి హాయిగా ఉండేది. వాటితోనే రెండేళ్లు నెట్టుకొచ్చింది. మొహం ఉబ్బితే ‘కాస్త ఒళ్లు చేశావే’ అన్నారు ఇరుగుపొరుగు. ఓరోజు కల్లంలో తాలుకాయలు ఏరుతుంటే గుండె పట్టేసినట్టయింది. ఒళ్లంతా చెమటలు. ‘గ్యాస్ అయ్యుంటదిలే అత్తా, కాస్త సోడా తాగు’ అంది కోడలు. కొడుకు వినలేదు. అప్పటికప్పుడు గుంటూరు తీసుకెళ్లాడు.

వచ్చింది గుండెపోటే. సమయానికి చేరింది కాబట్టి బతికింది. ప్రమాదం గడిచాక డాక్టరు ఆమె చేతులు తిప్పి చూసి అడిగిన మొదటి ప్రశ్న... ‘ఈ వేళ్ల వాపు ఎన్నాళ్లనుంచమ్మా?’

గుండెకీ వేళ్లకీ ఏమిటి సంబంధం?

ఆమెది పనివల్ల వచ్చిన నొప్పి కాదు, రుమటాయిడ్ ఆర్థ్రైటిస్. మనల్ని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే పొరబడి సొంత కీళ్లమీద దాడికి దిగే జబ్బు. రెండు చేతుల్లోనూ చిన్న కీళ్లు వాచడం, పొద్దున్నే చాలాసేపు బిగుసుకుపోవడం దీని గుర్తులు. మగవాళ్లకన్నా ఆడవాళ్లలోనే ఎక్కువ. ఆ వాపు కీళ్లదగ్గరే ఆగదు. రక్తనాళాల లోపలి పొరనీ దెబ్బతీస్తుంది. అక్కడ కొవ్వు త్వరగా పేరుకుంటుంది. అందుకే ఈ జబ్బున్నవారికి మామూలు లెక్క ప్రకారం వచ్చిన గుండె ముప్పును ఒకటిన్నర రెట్లు చేసి చూడమంటాయి యూరప్ కీళ్లవైద్య నిపుణుల మార్గదర్శకాలు. ఇదే కోవకు చెందిన లూపస్‌ సంగతి మరీ భయపెడుతుంది. 35-44 ఏళ్ల లూపస్ మహిళల్లో గుండెపోటు అదే వయసు వారికన్నా 50 రెట్లు ఎక్కువని 1997లో ఓ అమెరికా అధ్యయనం తేల్చింది.

ఇంకో చిత్రం... జబ్బు ముదిరి ఉన్నప్పుడు రక్తపరీక్షలో కొలెస్ట్రాల్ తక్కువగానే కనిపించొచ్చు. అది చూసి గుండెకేం ఫర్వాలేదనుకుంటే పొరపాటే!

ఆమెకు బీపీ, షుగరూ బయటపడ్డాయి. ఆర్‌ఎంపీ ఇచ్చిన బిళ్లల్లో స్టెరాయిడ్ ఉంది. దాన్ని ఏళ్లతరబడి వాడితే షుగరు, బీపీ, బరువూ పెరుగుతాయి. నొప్పి బిళ్లలు అదేపనిగా మింగితే గుండెకీ కిడ్నీలకీ చేటు. అలాగని చాన్నాళ్లుగా వాడుతున్న స్టెరాయిడ్‌ని ఒక్కసారిగా మానేయడమూ ప్రమాదమే. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి.

మంచి కబురూ ఉంది. అసలు జబ్బుని అదుపులో పెడితే గుండె ముప్పూ తగ్గుతుంది. ఇందుకు ఎక్కువగా వాడే మందు మెథోట్రెక్సేట్. ఈ జబ్బుకి దాన్ని వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరబాటున రోజూ వేసుకుంటే ప్రాణాలమీదికి వస్తుంది. బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ పరీక్షలు క్రమం తప్పకుండా చేయించుకోవాలి. బీడీ, చుట్ట జోలికి పోకూడదు. ఆవకాయ, గోంగూర పచ్చడి లేనిదే ముద్ద దిగని ఈ సీమలో ఉప్పు తగ్గించడమే అన్నిటికన్నా కష్టం!

మళ్లీ కోతలొచ్చాయి. ఇప్పుడామె ఎండలో కాయలు కోయడం లేదు, కల్లంలో నీడపట్టున కూర్చుని ఏరుతోంది. బిళ్ల వేసుకునేది ఆదివారం. ఆరోజు పొద్దున్నే కోడలు గుర్తుచేస్తుంది... ‘అత్తా, వారం బిళ్ల వేసుకున్నావా?’

మొన్న పక్కన కూర్చున్న అమ్మాయి వేళ్లు విరుచుకుంటూ ‘పొద్దున్నే పట్టేస్తున్నాయి పిన్నీ’ అంది. ఆమె ఆ చేతుల్ని దగ్గరికి తీసుకుని చూసింది.

‘ఊళ్లో బిళ్లలు మింగబాకమ్మాయ్. పెద్దాసుపత్రికి పోయి వేళ్లు చూపించు. దాంతోపాటు బీపీ, షుగరూ చూడమని అడుగు. వాళ్లు మర్చిపోయినా నువ్వు మర్చిపోబాక.’