మా ఇంట్లో మంచుపలక

మా అయనావరం ఇంట్లో ముందుగది తలుపు వెనక దాదాపు ఎనిమిదేళ్ళు ఒక పలక నిలబడి ఉండేది. పొడవు 158 సెంటీమీటర్లు, అంటే మా ఆవిడ కంటే ఒక పిసరు ఎక్కువ. గ్యాసు సిలిండరు తెచ్చే అబ్బాయి దాన్ని ఇస్త్రీబల్ల అనుకున్నాడు. ఎదురింటావిడ పాడెకట్టె పలకేమోనని భయపడి చాలాకాలం అడగలేదట. మంచు మీద జారే పలక అని చెబితే ఎవరూ నమ్మేవారు కాదు. మద్రాసులో మంచు అంటే మార్గళి మాసపు తెల్లవారుజామున తలకి తగిలి జలుబు తెచ్చేది. ఆకాశం నుంచి పడేదీ మంచే, గడ్డకట్టిందీ మంచే, గడ్డి మీది బిందువూ మంచే. ఇన్నిటికీ ఒకే మాటతో సరిపెట్టుకున్న జాతిలో పుట్టి, నా డెబ్బయ్యో ఏట నేను మంచుపలకకి అరం పట్టాల్సి వచ్చింది.

ఆ పలక మా మనవడిది. కూతురి కొడుకు. అమ్మాయీ అల్లుడూ కెనడాలో కాల్గరీలో ఉండేవారు. 2014 చలికాలంలో మేమిద్దరం ఆరునెలలు ఉండి వద్దామని వెళ్ళాం. వాడికప్పుడు పదిహేనేళ్ళు. తెలుగు అర్థమయ్యేది, మాట్లాడటానికి మాత్రం మొహమాటపడేవాడు. నా ఇంగ్లీషు షాపు ఇంగ్లీషు. అంబత్తూరు ఎస్టేటులో ముప్పైనాలుగేళ్ళు టూల్ రూములో పనిచేసినవాణ్ణి, డ్రాయింగు చదవగలను గాని కబుర్లు చెప్పలేను. దాంతో తాతా మనవడూ భోజనాల బల్ల దగ్గర ఒకరినొకరు చూసి నవ్వుకోవటమే తప్ప మాటల్లేవు.

అమ్మాయి నాకొక పని ఒప్పజెప్పింది. "నాన్నా, వాడు వారానికి రెండుసార్లు కొండెక్కి దూకుతున్నాడు. నీ మాట వింటాడు, మాన్పించు." నా మాట వాడికి అర్థమైతే కదా వినటానికి! అయినా సరేనని వాడి గదిలోకి వెళ్ళాను. మంచం మీద పలక బోర్లా పెట్టి అంచుని తడుముతున్నాడు. పలక చుట్టూ, అడుగున, రెండు మిల్లీమీటర్ల మందాన ఉక్కు పట్టీ ఉంది. గోరు దాని మీద అడ్డంగా గీశాను. పొడి రాలలేదు. అంటే పదును చచ్చిపోయింది. నేను తల అడ్డంగా ఊపాను. వాడు మొహం చిట్లించి, "అవును తాతయ్యా, కత్తి లేదు" అన్నాడు.

"కత్తి కాదురా, పదును. ఇదీ అంచు."

"అంచు అంటే చీరకి కదా?"

వాడు ఆ మాట వాళ్ళమ్మ నోటే విన్నాడు మరి. కత్తికి ఉండేదాన్ని వాదర అంటారని చెప్పాను. మా నాన్న పెరంబూరు బి. అండ్ సి. మిల్లులో పనిచేసేవాడు, నెల్లూరు జిల్లా నుంచి తెచ్చుకున్న మాటలు ఆయన దగ్గర చాలా ఉండేవి. ఆయన ఆకురాయి అంటే నేను ఎస్టేటులో పడి అరం అంటున్నాను, వీడు ఫైల్ అంటున్నాడు. చేతిలో ఉన్న వస్తువు మాత్రం ఒకటే.

మాన్పించటానికి వెళ్ళినవాణ్ణి రెండుగంటలు అక్కడే కూర్చుండిపోయాను. అందరూ ఎక్కే స్నోబోర్డు వేరట, వీడిది వేరట. అందరిదీ నడుము దగ్గర ఇరవైఅయిదు సెంటీమీటర్ల వెడల్పుంటుంది, కాళ్ళు పలకకి అడ్డంగా పెట్టి మెత్తని బూట్లతో నిలబడతారు. వీడిది ఇరవై కూడా లేదు. అంత సన్నటి పలక మీద పాదం అడ్డంగా పెడితే వేళ్ళో మడమో బయటికొచ్చి మంచుకి తగిలి పలకని లేపేస్తాయి. అందుకని ముందుకాలు అరవై డిగ్రీలు, వెనక్కాలు యాభైఏడు డిగ్రీలు తిప్పి బిగిస్తారు. బూట్లు గట్టి ప్లాస్టిక్‌వి, కాలికి సిమెంటు కట్టు కట్టినట్టే. మోకాలు కొంచెం కదిలితే చాలు, ఆ కదలిక ఎక్కడా పోకుండా ఉక్కు అంచుకి చేరుతుంది. ఇది నాకు వెంటనే ఎక్కింది. టూల్ పోస్టులో పనిముట్టు వదులుగా ఉంటే ఏ లేతూ సరిగా కోయదు.

అసలు కిటుకు పలక ఆకారంలో ఉంది. పక్క అంచు తిన్నగా ఉండదు. తలా తోకా వెడల్పు, నడుము సన్నం. ఆ వంపుని అలాగే గీసుకుంటూ పోతే పెద్ద వృత్తం వస్తుంది. వాడి పలకకి దాని వ్యాసార్ధం 11 మీటర్లు. పలకని పక్కకి వాల్చి బరువు వేస్తే అది విల్లులా వంగుతుంది, అంచు గట్టి మంచులో గాడి కోసుకుంటుంది, పలక మొత్తం ఆ గాడిలోనే నడుస్తుంది. ఎంత వాలిస్తే వృత్తం అంత చిన్నది. అరవై డిగ్రీలు వాలిస్తే సగానికి సగం, అయిదున్నర మీటర్లు. నేను కాగితం మీద కొసైన్ వేసి చూపిస్తే వాడు నోరు తెరిచాడు. వాడికి కాలితో తెలిసిన లెక్క నాకు పెన్సిలుతో వచ్చింది.

మామూలువాళ్ళు మలుపులో పలకని అడ్డంగా ఈడుస్తారు, చీపురుతో ఊడ్చినట్టు మంచు చెదురుతుంది. వీళ్ళు వెళ్ళిన చోట పెన్సిలు గీతంత జాడే మిగులుతుంది. లేతు మీద లోహం పొడిపొడిగా రాలితే పనిమంతుడు కాదని, చుట్టలు చుట్టలుగా వస్తే పనివాడని మేమనుకునేవాళ్ళం. అదే తేడా. మలుపులో చెయ్యి మంచుకి తగిలేంతగా ఒరుగుతారు. కాని తగలాలని నడుము వంచి చెయ్యి చాపితే పలక మీది బరువు పోయి జారిపోతారట. "పలక వాలితే చెయ్యి అదే తగులుతుంది తాతయ్యా" అన్నాడు. స్విట్జర్లాండులో జినాల్ అనే చోట ఛాతీ కూడా మంచుకి ఆనించి తిరిగే పద్ధతి ఒకటి పుట్టిందని ఫోనులో చూపించాడు. పాము ఒళ్ళు విరుచుకున్నట్టుంది.

ఇలా గట్టి బూట్లతో తొక్కేవాళ్ళు చాలా తక్కువమంది. పలకలు కూడా చిన్న చిన్న కార్ఖానాలవాళ్ళు మనిషి బరువూ ఎత్తూ అడిగి చేసిస్తారు. కొండ మీద ఇంకో గట్టిబూట్లవాడు కనిపిస్తే ఆగి పలకరించుకుంటారట. తాంబరం రైల్లో పక్కవాడు తెలుగు మాట్లాడితే మనం చేసే పనే!

ఇక నేను చేసిన పని చెప్పాలి. కాల్గరీకి చలికాలం నడుమ షినూక్ అనే వెచ్చటి గాలి వస్తుంది. పైన మంచు కరిగి, రాత్రికి మళ్ళీ గట్టిగా అద్దంలా పేరుకుంటుంది. 2015 జనవరిలో అలాంటి గాలి వెళ్ళిన మర్నాడు వాడు కొండకి పోతూ పదును పెట్టమన్నాడు. పక్క అంచుకి 88 డిగ్రీలు ఉండాలన్నాడు. గ్యారేజీలో కూర్చుని రాత్రి పదకొండు దాకా అరం పట్టాను. తల నుంచి తోక దాకా ఒక్క అంగుళం వదలకుండా కత్తి చేశాను. గోరు ఆనిస్తే తెల్లటి పొడి రాలింది. పక్క అంచుకి అరం పడితే ఉక్కు చివర అడుగువైపుకి కనపడని ముళ్ళలా తిరుగుతుంది. తమిళంలో పిసిరు అంటారు. మన పిసరంతే ఉంటుంది, చెడుపు మాత్రం పిసరంత కాదు. దాన్ని సానరాయితో తీసెయ్యాలి. ముప్పైనాలుగేళ్ళు ఈ ఒక్క విషయానికి ఎంతమంది కుర్రాళ్ళని తిట్టానో లెక్కలేదు. ఆ రాత్రి రాయి కనపడలేదు. అమ్మాయి నిద్రపోమని రెండుసార్లు కేకేసింది. మంచే కదా, మెత్తనిది, రెండు మలుపుల్లో అరిగిపోతుందిలే అనుకుని లైటు ఆర్పేశాను.

మూడో మలుపులోనే పలక పట్టేసింది. తలా తోకా కూడా అంత పదునుగా ఉంచకూడదట, మలుపు విడిచేటప్పుడు వదలవు. వాడి ఎడమచెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. ఆరువారాలు కట్టు. అమ్మాయి అన్నది ఒకే మాట: "మాన్పించమంటే పదునుపెట్టి ఇచ్చావా నాన్నా." తర్వాత నాలుగురోజులు నాతో మాట్లాడలేదు. వాడు మాత్రం నన్నేమీ అనలేదు. పలకని తీసి వాడి గదిలో మంచం కింద పెట్టుకున్నాడు. మేం తిరిగొచ్చేదాకా అది మళ్ళీ నా కంటపడలేదు. నేనూ అడగలేదు.

ఆ వేసవిలో అల్లుడికి మద్రాసు బదిలీ అయింది. వేళచ్చేరిలో కింది అంతస్తు ఇల్లు తీసుకున్నారు. సామానుతో పాటు పలకా వచ్చింది. అమ్మాయి వద్దంటే వాడు రెండుపూటలు అన్నం మానేశాడట. ఆ డిసెంబరు వరదల సంగతి మద్రాసు పాఠకులకి నేను చెప్పక్కర్లేదు. వాళ్ళింట్లో మొలలోతు నీళ్ళు నాలుగురోజులు నిలిచాయి. నీళ్ళు తీశాక ఒక సాయంత్రం మా తలుపు కొట్టిన చప్పుడైతే తీశాను. వాడు నిలబడి ఉన్నాడు, చంకలో దుప్పటి చుట్టిన పలక. అంచు చుట్టూ ఎర్రటి తుప్పు.

"తాతయ్యా, నువ్వే చూడు" అన్నాడు.

అంతకన్న ఏమీ అనలేదు. ఇంకేమీ అననక్కర్లేదు కూడా.

లోపలున్నది చెక్క గుండె, దాని పైనా కిందా గాజునార పొరలు. నీరు దిగితే పొరలు విడిపోతాయి. పదిరోజులు ఎండ తగలకుండా ఫ్యాను కింద ఆరబెట్టాం. తర్వాత తుప్పు దులిపి అరం పట్టాను. వాడు పక్కనే కూర్చున్నాడు. ఈసారి సానరాయి ముందే తీసి లుంగీ మడతలో పెట్టుకున్నాను. తలా తోకా దగ్గర పదును కొంచెం చంపాను. వేళచ్చేరిలో మళ్ళీ నీళ్ళొస్తాయేమోనని పలక మా ఇంట్లోనే ఉండిపోయింది.

మద్రాసులో ఉన్న రెండేళ్ళూ వాడు సెలవురోజుల్లో కోవళం వెళ్ళేవాడు. ఆ ఊరి మత్స్యకారుడు మూర్తి మేగవన్ మొదలుపెట్టిన సర్ఫింగ్ బడి అక్కడుంది. నేనూ వెంట వెళ్ళి ఇసుకలో కూర్చునేవాణ్ణి. అలపలకకి ఉక్కు అంచు ఉండదు, గుండ్రటి ఒరే ఉంటుంది. అడుగున చేపరెక్కల్లాంటివి ఉంటాయి. "అక్కడ కొండ కదలదు తాతయ్యా, ఇక్కడ కొండే కదులుతుంది" అనేవాడు. నిజానికి మంచుపలక పుట్టింది అలపలకని చూసే. 1965 క్రిస్మసు రోజున అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో షెర్మన్ పాపెన్ అనే ఇంజనీరు కూతుళ్ళ ఆటకోసం రెండు స్కీ పలకల్ని కలిపి కట్టాడు. స్నో, సర్ఫ్ కలిపి దానికి స్నర్ఫర్ అని పేరుపెట్టింది వాళ్ళావిడ. ఈ కథ వాడు చెబుతుంటే ఎదురుగా ఒడ్డున దుంగలు కలిపి కట్టిన తెప్పలున్నాయి. కట్టిన మాను, కట్టుమరం. మా వాళ్ళు ఎప్పుడో కట్టారులే అన్నాను. 1998 నాగానో ఒలింపిక్సులో ఈ ఆట మొదటిసారి చేరినప్పుడు పందెం గెలిచిన కెనడావాడు రాస్ రెబగ్లియాటి పతకం గంజాయి జాడలున్నాయని లాక్కుని మళ్ళీ ఇచ్చేశారన్న కథ కూడా అక్కడే విన్నాను.

2017లో వాడు చదువుకి కెనడా వెళ్ళాడు. మరుసటేడు అమ్మాయీ అల్లుడూ వెళ్ళిపోయారు. పలక ఉండనీ, వస్తా అన్నాడు. 2018లో చెక్ దేశపు ఎస్తర్ లెడెట్స్కా ఒకే ఒలింపిక్సులో స్కీ మీదా ఈ పలక మీదా రెండు బంగారు పతకాలు గెలిచినప్పుడు అర్ధరాత్రి ఫోన్ చేసి లేపాడు. తర్వాత ఫోన్లు తగ్గాయి. కరోనా వచ్చింది.

మా ఊరి గాలిలో ఉప్పుంది. ఏ ఆరునెలలకో అంచు మీద ఎర్రచుక్కలు తేలేవి. నేను అరం తీసేవాణ్ణి. ఆయుధపూజ నాడు అరాలకీ వెర్నియరుకీ పెట్టినట్టే దానికీ గంధం, కుంకుమ పెట్టేవాణ్ణి. 2021లో ఒకరోజు వెర్నియరు పెట్టి చూశాను. ఉక్కు పట్టీ వెడల్పు బాగా తగ్గింది. అరం పట్టిన ప్రతిసారీ కొంత ఉక్కు పోతుంది మరి, అది ఎక్కడి నుంచి వస్తుంది? వాడు ఒక్కసారి కూడా తొక్కకుండానే నేను దాన్ని అరగదీసేస్తున్నాను. ఆ పూట అన్నం సయించలేదు. అప్పటినుంచి అరం ముట్టలేదు. నూనెగుడ్డతో తుడిచి, అంచు పొడుగునా కొవ్వొత్తి రుద్ది వదిలేశాను.

2023 ఆగస్టులో వాడొచ్చాడు. మహాబలిపురంలో ప్రపంచ సర్ఫ్ లీగ్ పోటీ మొదటిసారి మన దేశంలో జరిగింది, దానికని వచ్చానన్నాడు. గడ్డం పెంచాడు. చెప్పులు విప్పుతూనే తలుపు వెనక్కి చూశాడు. పలక తీసి ఒళ్ళో పెట్టుకుని అంచు మీద గోరు గీశాడు. పొడి రాలింది. పట్టీ వెడల్పు చూశాడు, నావైపు చూశాడు. నేను ఉన్న సంగతి చెప్పేశాను.

"ఇంకో రెండు సీజన్లు వస్తుంది తాతయ్యా. తీసుకుపోతాను" అన్నాడు. తెలుగు మునుపటికంటే తడబడుతోంది, వాదర అన్న మాట మాత్రం మర్చిపోలేదు.

వెళ్ళే రోజు పాత పంచెలో చుట్టి నేనే తాడు కట్టాను. అరం కూడా కావాలన్నాడు. చేతిసంచిలో ఇనుము రానివ్వరు కాబట్టి గట్టి బూట్లతో పాటు లోపలికి వేసే పెట్టెలో సర్దాం. అరం ఎడమ బూటులో పెట్టాను. సానరాయి కుడి బూటులో.