మూడు అడుగులు

వంద మీటర్ల హర్డిల్స్‌లో మొదటి హర్డిల్ 13 మీటర్ల దగ్గర ఉంటుంది. అక్కణ్ణించి ప్రతి 8.5 మీటర్లకీ ఒకటి, మొత్తం 10. హర్డిల్‌కీ హర్డిల్‌కీ మధ్య మూడే అడుగులు పడాలి. నాకు ఐదు పడేవి.

మనుబోలులో హర్డిల్స్ ఎక్కడివి? రెండు వైపులా ఇటుకలు పేర్చి, మీద వెదురు బద్ద పెట్టేదాన్ని. ఎత్తు చూసుకోడానికి 84 సెంటీమీటర్లకి కోసిన కర్ర ఒకటుండేది. కాలు తగిలితే బద్ద మాత్రమే పడాలి. ఇటుకలు కూడా పడేవని నా మోకాళ్లు ఇప్పటికీ చెప్తాయి. ఆ తర్వాత నెల్లూరు బస్సు, కాలేజీ. వెంకటాచలం ఎప్పుడు దాటేదో ఎప్పుడూ తెలీలేదు, నిద్ర.

"ఎందుకుమే ఈ ఎగరడాలు? ఉద్యోగమేమన్నా వస్తాదా?" అనేది అమ్మ. నాన్న స్పోర్ట్స్ కోటాని నమ్మేవాడు. అడిగినవాళ్లకి నేనూ అదే చెప్పేదాన్ని. అసలు సంగతి వేరే. మీట్ ఉందంటే పెళ్లిచూపులు వాయిదా పడేవి. టీవీలో క్రీడాకారిణులు దేశం కోసం అంటారు, అబద్ధం అనను. కానీ మీట్‌లకి వెళ్లినప్పుడు రాత్రి గదిలో మా మాటల్లోకి దేశం రాలేదు. రేపటికి పీరియడ్స్ వస్తాయా, బస్సు డబ్బులు ఎప్పుడిస్తారు, ఎవరి స్పైక్స్ ఎవరికి సరిపోతాయి... ఇవే.

2020 జనవరిలో, మూడబిద్రిలో, అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి 13.03 సెకన్లలో పరిగెత్తింది. జాతీయ రికార్డు అప్పటికి 13.38, అనురాధా బిస్వాల్‌ది, 2002 నాటిది. అయినా కొత్త రికార్డు కాలేదు. అక్కడ ఆమెకి డోప్ పరీక్ష జరగలేదు, ఫెడరేషన్ సాంకేతిక ప్రతినిధీ లేరు. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో మళ్లీ రికార్డుని దాటింది. వెనక గాలి సెకనుకి 2.1 మీటర్లు. 2.0 మించితే లెక్కలోకి రాదు. చివరికి మే 10న సైప్రస్‌లో 13.23 పరిగెత్తితే అప్పుడు రాసుకున్నారు. ఈ మూడింట్లో అదే నెమ్మదైన పరుగు!

ఆ రెండేళ్లూ ఆమెని ఏది నిలబెట్టిందో నాకెలా తెలుస్తుంది? వాళ్లమ్మ ఇళ్లల్లో పని చేసి పెంచిందని పేపర్లు రాశాయి. అది కారణమే కావచ్చు. కానీ నాకు ఇంకోటి అనిపిస్తుంది. కాగితం మీద లేకపోయినా, 13.03 ఎలా ఉంటుందో ఆమె కాళ్లకి తెలుసు కదా.

నేను యూనివర్సిటీ జట్టుకే ఎంపిక కాలేదు. మూడో సంవత్సరంలో ఒక సాయంత్రం మాత్రం మొదటి నాలుగు హర్డిల్స్ మధ్య మూడేసి అడుగులే పడ్డాయి. ఒకటి, రెండు, మూడు, గాల్లో. ఐదోదాన్ని తన్నుకుని పడ్డాను. చూసింది గేదెలు తోలుకెళ్తున్న ఒక పిల్లాడు. వాడు నవ్వాడు. లేచి ఇటుకలు మళ్లీ పేర్చాను. ఆ తర్వాత ఏడాదిన్నర ఏ మీట్‌నీ వదల్లేదు, ఎక్కడా ఫైనల్‌కి రాలేదు.

మొన్న ఊరికెళ్తే అమ్మ మిద్దె మీద ఒడియాలకి కాపలా కూర్చుని, ఆ కొలత కర్రతో కాకుల్ని తోలతా ఉంది.

"అది నాది" అన్నాను.

"దీంతో ఏం కొలిస్తివిమే?"

చెప్పాను. అమ్మ లేచి కర్రని పక్కన నిలబెట్టుకుని చూసుకుంది. నడుము దాకా వచ్చింది.

"ఇంతెత్తు ఎగిరేదానివా?" అనింది.