అటకమీది ప్లేట్లు

మా యింటి అటకమీద నొక రేకుపెట్టె కలదు. అందులో నగలు లేవు, దస్తావేజులు లేవు. ఉన్నవన్నియు గ్రామఫోను ప్లేట్లే. మా మామగారు స్వహస్తముతో వ్రాసి యుంచిన జాబితా ప్రకారము 143 ఉండవలెను. ఇప్పుడున్నవి 131. తక్కిన పండ్రెండును ఎట్లు పోయినవో పిమ్మట చెప్పెదము. అందొకటి పోయినది మా చేతులమీదనే.

మేమిద్దరము తోడికోడండ్రము. అమలాపురమునకు నాలుగుమైళ్ళ దూరమున, కాలువగట్టున నున్న యీ పెంకుటింటికి పదేండ్ల యెడముతో కాపురమునకు వచ్చితిమి. పెట్టె కిద్దరమును కాపుదారులమే గనుక, ఈ వ్యాసములోని తప్పొప్పులు మా యిరువురవియు నని చదువరులగు సోదరీమణులు గ్రహింతురు గాక.

ఈ ప్లేట్లను కూర్చినవారు మా మామగారి తండ్రిగారు. ఇంటిల్లిపాదియు వారిని పెద్దయ్యగారనియే వ్యవహరింతురు. ఆ దినములలో కోనసీమకు నేటి వంతెనలు లేవు. ఏ వస్తువైనను ఏరు దాటి రావలసినదే. 1928లో కాకినాడనుండి కోటిపల్లికి రైలుమార్గము పడిన తరువాత వారికి కొంత సులువైనది. కాకినాడలో ప్లేట్లు కొని, ఎండుగడ్డి పరచిన పెట్టెలో సర్దుకొని, కోటిపల్లిలో రైలు దిగి, పడవమీద గౌతమిని దాటి ముక్తేశ్వరము చేరి, అచ్చటనుండి ఎడ్లబండిలో పెట్టెను ఒడిలో పెట్టుకొని వచ్చువారట. 1940లో యుద్ధము నిమిత్తమై ఆ పట్టాలను పెరికివేసిరి. మరల కోటిపల్లికి రైలు వచ్చినది 2004లో. పట్టాలు పోయిన పిమ్మట మా పెట్టెలో చేరిన ప్లేట్లు బహుస్వల్పము. జాబితాలోని తేదీలే యిందుకు సాక్ష్యము.

పెట్టెలో సగము నాటకముల పద్యములు. కపిలవాయి రామనాథశాస్త్రిగారు, స్త్రీపాత్రలకు పేరెన్నికగన్న స్థానం నరసింహారావుగారు మొదలగువారివి. పది అంగుళముల ప్లేటు నిమిషమునకు 78 చుట్లు తిరుగును. ఒక ప్రక్క మూడు నిమిషములకు కొంచె మెక్కువగా మాత్రమే పాట పట్టును. రంగస్థలముమీద ఒక్క పద్యమునకు తెల్లవారులు రాగము తీసి, వన్సుమోరు లందుకొనిన మహానుభావులు ఆ మూడు నిమిషములలో తమ గొంతును మడిచి పెట్టిన తీరు వినదగినది. అంతటి తొందర వారికి మరెన్నడును కలిగియుండదు!

తక్కిన సగములో స్త్రీల పాటలు కలవు. జానపదుల పాటలను సభలకెక్కించిన వింజమూరి అనసూయాదేవి, రాజమహేంద్రవరమున పుట్టి లండనులో కన్నుమూసిన టంగుటూరి సూర్యకుమారి, బాల్యముననే ప్లేట్లకు పాడిన రావు బాలసరస్వతీదేవి. మా అత్తయ్యగారు 1955లో కాపురమునకు వచ్చిరి. అప్పటి కింకను సావడిలో పెట్టె పాడుచుండగా ఆడువారు కూర్చుండి వినుట మర్యాద కాదు. వంటయింటి తలుపుచాటున నిలిచి, పులుసు పొంగకుండ ఒక కన్నటు వేసి, బాలసరస్వతీదేవి పాట యొకటి మొదటనుండి కడవరకు నేర్చుకొనిరట. తరువాత మా మామగారి హయాములో ఆ ప్లేటునే దినమున కొకమారైన వేయించుకొనువారు. అందువలన దాని గాళ్ళు నలుపు పోయి బూడిదరంగు తేలినవి.

1996 నవంబరు 6వ తేదీ రాత్రి తుపానును కోనసీమవారికి చెప్పనక్కరలేదు. మా దొడ్డిలో నిలిచిన కొబ్బరిచెట్టు లేదు. ఒకటి వచ్చి పడమటి వసారామీద పడెను, అటక కూలెను. పెట్టె మూత నొక్కుకొనిపోయి పైవరుసలోని పదునొకండు ప్లేట్లు ముక్కలైనవి. నీరు జొరబడి కాగితపు కవరులు గుజ్జయినవి. ఆ వారమంతయు త్రాగునీటికే వెదకుకొనుచుంటిమి గనుక ప్లేట్లను పట్టించుకొన్నవారు లేరు. పదవనాడు అత్తయ్యగారే వానిని ఒక్కొక్కటిగా తుడిచి, గోడ కానించి నీడలో ఆరబెట్టిరి.

ఇట్లుండగా గత మాఘమాసమున అంతర్వేది తీర్థమునకు వచ్చిన పట్టణపు వర్తకు డొకడు, మా బంధువులవలన విని మా యింటికి వచ్చెను. పాత ప్లేట్లు కొని అమ్ముట అతని వృత్తి. వీనికి వెల కట్టువారున్నారని మేమెరుగము. మద్రాసులో వి.ఏ.కె. రంగారావుగారు నలువదివేలకు మించి ప్లేట్లు కూర్చినారని పత్రికలలో చదివియుంటిమి గాని, అది పండితుల వ్యాసంగమనుకొంటిమి. అతడు భూతద్దము తీసి, దీపమున కెదురుగా ఒక్కొక్క ప్లేటును వాలుగా పట్టి చూచి, మూడు దొంతరలు చేసెను. మా మఱది ముచ్చటపడి కొన్న పెద్ద వినైలు ప్లేట్లను ముందుగా ప్రక్కకు నెట్టెను. 1948లో అమెరికాలో వెలువడిన యీ జాతి ప్లేటు ప్రక్కకు ఇరువది నిమిషములు పాడును, క్రిందపడిన విరుగదు. మాకు వానిలో శంకరాభరణము మిక్కిలి ప్రియము. “అది ఇంటింటా ఉందమ్మా, నాకు బరువే గాని లాభం లేదండి” అనెను.

అత్తయ్యగారు తమ బాలసరస్వతీదేవి ప్లేటు నందించిరి. అతడు చూచి వినయముగనే తిరిగి యిచ్చెను.

“జనం మెచ్చింది అరుగుతుందండి. అరిగినదానికి వెల లేదు. ఎవరూ వెయ్యకుండా మూలబడ్డదే మాకు కావాలి.”

ఈ మాట మాకు నచ్చలేదు. కాని కాదనుటకును తోచలేదు.

పెట్టె యడుగున, అట్టతో సహా చెక్కుచెదరక, ఒక ప్లేటు కనబడెను. కుక్కబొమ్మ లేదు, దానికి మారుగా రెక్కలున్న శిశువు కూర్చుండి కలముతో గీయుచున్న బొమ్మ. ఒక ప్రక్కనే పాట. రెండవ ప్రక్క నున్నన. అతని చేయి వణకుట చూచితిమి. 1902లో గ్రామఫోను కంపెనీవారు కలకత్తాకు వచ్చి గౌహరుజాను మొదలగువారి పాటలు పట్టినది మొదలు, 1908లో కలకత్తాలోనే కర్మాగారము వెలయువరకు, పట్టిన పాట మైనపుపలకగా ఓడలో జర్మనీదేశపు హనోవరు నగరమునకు పోయి, అచ్చట ప్లేటై తిరిగి వచ్చెడిదట. మా ప్లేటుమీద హనోవరు పేరున్నది. పాడినవారి పేరున్న చోటును మాత్రము పురుగు తినివేసినది. “నలభై వేలిస్తానమ్మా. కాని ఇనుపసూది పెట్టి వెయ్యకండి. వేసిన ప్రతిసారీ కొంత పోతుంది” అని చెప్పి, ఆలోచించుకొమ్మని వెడలిపోయెను. 40,000 రూపాయలతో పడమటి వసారా బాగుపడును. మేమిద్దరమును ఆ రాత్రియే కూలి లెక్క వేసితిమి.

ఇక మా తప్పు. వర్తకుడు వచ్చిపోయినది మొదలు మాకు ప్లేట్లపై ఎన్నడును లేని శ్రద్ధ పుట్టెను. శుభ్రపరచిన ధర పెరుగునని యూహించి, మందుల దుకాణమునుండి స్పిరిటు తెచ్చితిమి. మఱది వినైలు ప్లేటుమీద తుడువగా అద్దమువలె మెరసెను. వెలలేనిది గదా యని ధైర్యముతో అత్తయ్యగారి ప్లేటుమీద రెండవ ప్రయోగము చేసితిమి. గుడ్డకు నల్లని జిగురంటెను. గాళ్ళు కరగి ఒకదానిలో ఒకటి కలసిపోయెను. అంతే.

కారణము తెలియని విషయమా? పాత ప్లేటు లక్కతో చేయుదురు. మోదుగ, రేగు మొదలగు చెట్ల కొమ్మలమీద చిన్నపురుగు పెట్టు లక్కయే. మన చిన్ననాటి లక్కపిడతల లక్కయే. అందులో మెత్తని రాతిపొడి, దీపపుమసి, దూదిపోగులు కలిపి వేడిమీద అచ్చొత్తుదురు. వడ్రంగి తలుపులకు పూయు పాలిషు స్పిరిటులో కరగిన లక్కయే గదా! ఏటేట మా వీధితలుపులకు పూయించుచు, కూలి యిచ్చుచు, ఇంతమాత్రము స్ఫురింపలేదు. సోదరీమణుల యిండ్లలో ఇట్టి ప్లేట్లున్నచో చల్లనినీటిలో రవ్వంత సబ్బు కలిపి, నడుమనున్న చీటీ తడియకుండ, గాడివెంట మెత్తని గుడ్డతో తుడువుడు. ఒకదానిమీద నొకటి పేర్చక నిలువుగా నుంచుడు. స్పిరిటు దరికి రానీయకుడు.

రెండుదినములు అత్తయ్యగారికి చెప్పలేకపోతిమి. మూడవనాడు ఇద్దరము కలిసి వెళ్ళి చెప్పితిమి. ఆమె ఆ ప్లేటును ఒడిలో పెట్టుకొని కొంతసేపు వ్రేలితో నిమిరిరి. “పోనీండర్రా, అది నాకు వచ్చుగా” అని, సన్నని గొంతుతో పల్లవి యందుకొని, మధ్యలో ఊపిరి చాలక ఆపివేసిరి. మేము లేచి వెళ్ళబోవగా, “ఆ అడుగుది ఒకటుందే, దానిపాటే నాకు సగం తెలీదు” అనిరి.

అప్పుడు గాని మాకా కథ తెలియలేదు. ఆ ప్లేటు పాడిన యామె కళావంతుల కులమున పుట్టినది. ముమ్మిడివరము మొదలగు తావుల మేళములు పెండ్లిండ్లలో ఆడి పాడిన కాలమది. 1947లో మద్రాసు ప్రభుత్వము దేవదాసీ శాసనము చేసినదాక, చేసిన పిదపను కొంతకాలము, ఆ పాట మగవారి సభలలో వినదగినదియు, సంసారపుటింట వినగూడనిదియు నై యుండెను. పెద్దయ్యగారు ప్లేటు కొన్నారు. ఇంట వేయరాదని వారే కట్టడి చేసిరి. కాని అత్తయ్యగారు వచ్చిన తొలి వేసవిలో ఒకరాత్రి, అందరును నిదురించిన పిమ్మట, ముసలాయన పెట్టె నోట ఉత్తరీయము కుక్కి ఒంటరిగా ఆ పాట వినుచుండిరట. పదునారేండ్ల కోడలు దొడ్డిలో తులసికోట చాటున నిలిచి వినెను. సగమయినదో లేదో లోపల ఆడపడుచు బిడ్డ యేడ్చెను, ఎత్తుకొనుటకు పోవలసివచ్చెను. “తరవాతేమైందో తెలీదే” అనిరి. ఆమెకిప్పుడు 86 ఏండ్లు.

ప్లేటు నిగనిగలాడుచు మిగులుటకు హేతు విది. ఈ యింటి ఆడువారు నాలుగు తరములు దానిని వినకపోవుటయే వర్తకుని 40,000 రూపాయలు.

మేమిద్దరము ఒకరి మొగ మొకరు చూచుకొంటిమి. వసారా గుర్తునకు రాలేదనిన అబద్ధమగును. మా మఱది కుమారుడు ఉగాదికి హైదరాబాదునుండి తేలికసూది గల విద్యుద్యంత్రమును తెచ్చెదననెను. పాతప్లేటు గాడి వెడల్పెక్కువ గనుక దానికి వేరు సూది కావలెనట. అంతవరకు ఆగుదమంటిమి. అత్తయ్యగారు ఆగనన్నారు.

గ్రామఫోను పెట్టె ఇరువదియేండ్లుగా పాడలేదు. గడియారములు బాగుచేయు ముసలాయనను పిలిపించితిమి. విప్పి చూచి, “ఆయ్, స్ప్రింగు నిక్షేపంలా ఉందండి” అని, నూనె వేసి వెళ్ళెను. సూది ఒక ప్రక్క కొకటి మార్చవలెను గనుక, డబ్బాలో త్రుప్పుపట్టని దానిని ఏరితిమి. అత్తయ్యగారిని సావడిలో, పెద్దయ్యగారి పడకకుర్చీలో కూర్చుండబెట్టితిమి. కీ యిచ్చి సూది దించితిమి. మొదట వానచప్పుడువంటి గరగర, అందులోనుండి గొంతు. ఏమందుము? సన్ననిది కాదు, బెదరినది కాదు. నిలబడి పాడిన గొంతు. మూడు నిమిషములును అత్తయ్యగారు చేయి కదపలేదు. పాట ముగిసిన వెంటనే, జర్మనీలో ప్లేటు చేయువారికి గుర్తు తెలియుటకై ఆ కాలపు గాయకులు చెప్పు వాడుక చొప్పున, ఆమె తన ఊరిపేరును తన పేరును బిగ్గరగా చెప్పుకొన్నది. ఆ పేరు మేమిచ్చట వ్రాయము. ఆమె సంతతివారు మా పరిసరములనే యుండవచ్చును. వారి నడుగక వ్రాయుట మర్యాద కాదు.

“మా దగ్గర ఊరిదేనర్రా!” అని అత్తయ్యగారు కుర్చీలో ముందునకు వంగిరి. “ఇంకోమారు వెయ్యండి.”

ఉగాదికి కుఱ్ఱవాడు వచ్చి తన యంత్రముమీద పాటను పట్టి మా చేతి ఫోనులలో నుంచెను. అత్తయ్యగారికి ఫోనులోనిది రుచింపలేదు. భోజనమైన పిదప ప్రతిదినము పెట్టెమీదనే వేయవలెను. సూదులు కాకినాడనుండి తెప్పించుచున్నాము. వసారాకు తాటాకు కప్పించితిమి. వర్తకుడు రెండుమారులు ఫోను చేసెను. ప్లేటు వేయలేదు గదా యని అడిగెను. దినమునకు రెండుసార్లని చెప్పితిమి.