మీ బాపు ఏ దేశంల ఉంటడు?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దిక్కు ఊళ్లల్లో పిల్లల పరిచయాలు చాలాసార్లు ఒకే ప్రశ్నతో మొదలవుతాయి. ‘మీ బాపు ఏ దేశంల ఉంటడు?’ ఏం పని చేస్తాడని కాదు, ఏ దేశమని. ఒకడు దుబాయ్ అంటాడు, ఇంకొకడు సౌదీ అంటాడు, ఇంకో పిల్ల మస్కట్ అంటుంది. ‘మా బాపు ఇక్కడనే ఉంటడు’ అనేవాళ్లూ ఉంటారు. వాళ్లు అదృష్టవంతులని మిగతావాళ్లకు పెద్దయ్యాక గానీ తెలీదు.

పోయిన జూన్‌లో ఈ ప్రశ్న మా అల్లుడికి ఎదురైంది. అల్లుడంటే మా అక్క కొడుకు. తొమ్మిదేళ్లు. పుట్టి పెరిగింది టెక్సస్‌లో, డాలస్ పక్కన. వాడు తడుముకోకుండా ‘అమెరికా’ అన్నాడు. వెంటనే రెండో ప్రశ్న పడింది: ‘ఎన్నేండ్లకోసారి వస్తడు?’

మావాడికి అర్థం కాలేదు. ‘రోజూ వస్తాడు. సిక్స్ థర్టీకి’ అన్నాడు. పిల్లలంతా పడీ పడీ నవ్వారు. అబద్ధం చెప్తున్నాడనుకున్నారు.

మనకు అమెరికా ఎట్లా ఫారినో, వాడికి మా ఊరు అట్లా ఫారిన్. అంతకుముందు రెండుసార్లు ఇండియాకు వచ్చినా హైదరాబాద్‌లో ఫ్లాట్లు, పెళ్లిళ్లు, మాల్స్ చూసి పోయాడు. ఈసారి అక్కకు సెలవు దొరకలేదు. నేను పని చేసే కంపెనీలో వర్క్ ఫ్రం హోమ్ ఉంది. ‘మూడు వారాలు నాతో ఊళ్లో ఉంటాడు, ఏం కాదు’ అని అక్కను ఒప్పించాను. దోమలు, నీళ్లు, కుక్కలు, పాములు అని ఆమె పంపిన మెసేజ్‌లు ప్రింట్ తీస్తే చిన్న పుస్తకమయ్యేది.

నక్షత్రం కోట దాటాక

శంషాబాద్ నుంచి మా ఊరు రెండొందల కిలోమీటర్లకు పైనే. కరీంనగర్ దాటాక కొండగట్టు వస్తుంది. గుట్ట మీద అంజన్న గుడి, దారంతా కోతులు. అవి చూశాకే మావాడు కారులో ఫోన్ పక్కన పెట్టాడు. జగిత్యాలలో కోట చూపించాను. పద్దెనిమిదో శతాబ్దంలో కట్టిన ఈ కోట పైనుంచి చూస్తే నక్షత్రం ఆకారంలో ఉంటుంది. కట్టడంలో ఫ్రెంచి ఇంజనీర్ల చేయి ఉందంటారు. గూగుల్ మ్యాప్స్‌లో శాటిలైట్ వ్యూ పెట్టి చూడండి, నిజంగానే నక్షత్రం. అక్కడి నుంచి కోరుట్ల దారి. రెండు పక్కలా మామిడి తోటలు, పసుపు చేన్లు, మక్క చేన్లు, ఎస్సారెస్పీ కాలువ నీళ్లొచ్చే వరి పొలాలు. మా ఊరు ఆ రోడ్డు నుంచి కాస్త లోపలికి.

మొదటి నాలుగు రోజులు జెట్‌ల్యాగ్. రాత్రి మూడింటికే లేచి కూర్చునేవాడు. అదే మంచిదైంది. నాలుగున్నరకల్లా ఊరు ఎట్లా లేస్తుందో చూశాడు. అమ్మ వాకిలి ఊడ్చి సాంపి చల్లి ముగ్గేసేది. మా బాపు బర్రెకు గడ్డి వేసి పాలు పిండేవాడు. రెండో రోజే వీడు బకెట్ పట్టుకుని ఆయన పక్కన గొంతుక్కూచున్నాడు. పాలు వేడిగా ఉంటాయని వాడికి అప్పటిదాకా తెలీదు. టెక్సస్‌లో పాలంటే ఫ్రిజ్‌లోని చల్లటి డబ్బా కదా.

వారం తిరిగేసరికి వాడికో డ్యూటీ పడింది. పొద్దున్నే డైరీ సెంటర్‌కు పాల క్యాను మోసుకుపోవడం. ఆ పని ఇచ్చాకే వాడు ‘బోర్’ అనడం మానేశాడు. పిల్లల్ని ఊరికి తీసుకొచ్చేవాళ్లకు నేనిచ్చే సలహా ఇదొక్కటే: చుట్టంలాగా కూర్చోబెట్టకండి, పని ఇవ్వండి.

ఒక పేజీ నీది, ఒక పేజీ నాది

జూన్‌లో బడులు తెరిచారు. పక్కింటి పిల్లాడు మావాడి వయసే, నాలుగో తరగతి. వాడు బడికి పోతుంటే వీడూ పోతానన్నాడు. సార్‌ను అడిగితే ‘కూసోనియ్యండి, ఏమైతది’ అన్నారు. రాష్ట్రంలో సర్కారు బడులకు 2022-23 నుంచి ఇంగ్లిష్ మీడియం వచ్చింది కదా. పాఠ్యపుస్తకంలో ఒక పేజీ ఇంగ్లిష్‌లో, ఎదురు పేజీ అదే పాఠం తెలుగులో ఉంటుంది. మావాడు ఇంగ్లిష్ పేజీ చదివేవాడు, దోస్తు తెలుగు పేజీ చదివేవాడు. ఇద్దరూ కలిస్తే పాఠం పూర్తి. ఆ పుస్తకం వేసినవాళ్లు ఇలాంటి జోడీ గురించి ఆలోచించి ఉండరు.

మధ్యాహ్న భోజనంలో గుడ్డు పెట్టే రోజు ఎవరూ బడి ఎగ్గొట్టరని వాడు కనిపెట్టాడు. పప్పు కారంగా ఉందని మొదటి రోజు ఏడుపు మొహం పెట్టినవాడు, రెండో వారానికి పుంటికూర కావాలని అమ్మమ్మను సతాయించాడు.

బడి నుంచి వచ్చాక పక్కింటి అరుగే వాళ్ల అడ్డా. దోస్తు వాళ్లమ్మ ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చేసేది. నానబెట్టిన తునికాకును కత్తెరతో కత్తిరించడం, తంబాకు పోయడం, చుట్టడం, దారం కట్టడం. పాతిక బీడీలైతే ఒక కట్ట. మావాడు లెక్క కట్టాడు: వెయ్యి బీడీలంటే నలభై కట్టలు, వెయ్యిసార్లు దారం ముడి. ‘మామా, దీనికి మెషీన్ లేదా?’ అని నన్నడిగాడు. ఆమె నవ్వింది. ‘మిషినొస్తే మేమేం తినాలె బిడ్డా?’ అంది. ఏఐ వచ్చి మా పని తీసేస్తుందేమోనని ఆఫీసులో నెలల తరబడి మాట్లాడుకుంటున్నాం. ఆమె ఒక్క ముక్కలో చెప్పేసింది.

ఈ జిల్లాల్లో చాలా ఇళ్ల లెక్క ఇట్లాగే ఉంటుంది. మగవాళ్లు గల్ఫ్‌లో, ఆడవాళ్లు బీడీల చాట ముందు. గల్ఫ్ పైసలు అప్పులకు, ఇంటికి. బీడీ పైసలు రోజువారీ ఖర్చుకు. కంపెనీ వీసా అయితే కొంత నయం. ఆజాద్ వీసా అనో, విజిట్ వీసా అనో పోయినవాళ్లకు ఏజెంటుకు కట్టిన అప్పు తీరడానికే మొదటి సంవత్సరాలు పోతాయి.

ఎనిమిది నెలలు

దోస్తు వాళ్ల నాన్న రియాద్‌లో ఉంటాడు. అక్కడి టైం మనకంటే రెండున్నర గంటలు వెనక. డ్యూటీ అయిపోయి, రూమ్‌కు వచ్చి, స్నానం చేసి ఫోన్ చేసేసరికి ఇక్కడ రాత్రి తొమ్మిదవుతుంది. ఐఎంఓలో వీడియో. పిల్లాడు నిద్రమత్తులో ‘ఆఁ బాపూ, తిన్న బాపూ’ అంటాడు. మావాడికి మా బావ కాల్ చేసేది పొద్దున పూట. ఊళ్లో అడుగుపెట్టాక మొదటిసారి వాడు కూడా నాన్నను ఫోన్‌లోనే చూసే పిల్లాడయ్యాడు.

ఒకరోజు రాత్రి మిద్దె మీద పడుకున్నాం. వాడు అడిగాడు, ‘మామా, వాళ్ల డాడీ రెండేళ్లకోసారి రెండు నెలలు వస్తాడంట. వాడికి నైన్ ఇయర్స్. అంటే ఫోర్ టైమ్స్. మొత్తం ఎయిట్ మంత్స్ అంతేనా?’

అంతే అన్నాను.

‘మా డాడీని చూడక నాకు త్రీ వీక్స్ కూడా కాలేదు’ అని ఊరుకున్నాడు. కాసేపాగి, ‘నీకు ఎన్ని మంత్స్?’ అన్నాడు.

ఆ లెక్క నేనెప్పుడూ వేయలేదు. మా బాపు 1999లో సౌదీ పోయాడు, సెంట్రింగ్ పనికి. నాకు రెండేళ్లు. 2013లో పూర్తిగా తిరిగొచ్చాడు. నాకు పదహారు. మధ్యలో ఆరుసార్లు వచ్చాడు. రెండేసి నెలలు వేసుకుంటే పన్నెండు నెలలు. పద్నాలుగేళ్లలో ఒక సంవత్సరం. నాకు ఊహ తెలిసేనాటికి మా వీధి చివర ఎస్‌టీడీ బూత్ ఉండేది. ఆయన ఫోన్ చేస్తాడని చెప్పిన రోజు అమ్మ, అక్క, నేను పోయి అక్కడ బెంచీ మీద కూర్చునేవాళ్లం. నా వంతు వచ్చేసరికి ఏం మాట్లాడాలో తోచేది కాదు. ‘మంచిగ సదువు’ అనేవాడు. ‘సరే’ అనేవాణ్ని. నా ఇంజనీరింగ్, అక్క పెళ్లి, ఇప్పుడు మేం పడుకున్న ఈ మిద్దె, అన్నీ ఆ ‘సరే’ల మీదే లేచాయి.

ఇప్పుడు అదే మనిషి మనవడి వేలు పట్టుకుని పొలం గట్టు మీద నడుస్తున్నాడు. నారుమడి చూపిస్తున్నాడు. పీత బొరియ ఎట్లా ఉంటుందో, నీటి పాము కరవదని ఎందుకంటారో చెప్తున్నాడు. ఇవన్నీ ఆయనకు తెలుసని నాకు తెలీదు. మొదట కొంచెం అసూయ అనిపించిన మాట నిజం. తర్వాత నేనూ ఉదయం స్టాండప్ కాల్‌ను అరగంట జరిపించుకుని వాళ్లతో పొలానికి పోవడం మొదలుపెట్టాను.

సాంచాల చప్పుడు

చివరి వారం సిరిసిల్ల పోయాం. వేములవాడ రాజన్నకు అమ్మ కోడె మొక్కు ఉంది. కోడెను పట్టుకుని నడిచేటప్పుడు మావాడి మొహం చూడాలి. భయం, గర్వం రెండూ ఒకేసారి.

సిరిసిల్లలో మరమగ్గాన్ని ‘సాంచె’ అంటారు. తెలిసినవాళ్ల కార్ఖానాలోకి అడుగుపెట్టగానే మావాడు చెవులు మూసుకున్నాడు. ఒకే మనిషి అన్ని సాంచాల మధ్య తిరుగుతూ తెగిన పోగును అతికిస్తున్నాడు. పక్క గదిలో ఆడవాళ్లు కండెలు చుడుతున్నారు. ఇది అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన నల్ల పరంధాములు ఊరు. అప్పులతో నేతన్నలు ప్రాణాలు తీసుకున్న ఊరు కూడా. 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డర్లు వచ్చిన కొన్నేళ్లు సాంచాలకు చేతినిండా పని దొరికింది. పని దొరకని రోజుల్లో ఇక్కడివాళ్లు భివండి పోయారు, సూరత్ పోయారు, దుబాయ్ పోయారు.

2024 ఫిబ్రవరిలో ఇదే జిల్లాకు చెందిన ఐదుగురు దాదాపు 18 ఏళ్లు దుబాయ్ జైల్లో గడిపి విడుదలై వచ్చిన వార్త మీలో చాలామంది చూసే ఉంటారు. పాలు తాగే వయసులో వదిలి వెళ్లిన పిల్లలు ఓటు హక్కు వచ్చేంత పెద్దవాళ్లయ్యే కాలం అది. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుడి కుటుంబానికి 5 లక్షల రూపాయలు ఇవ్వాలని 2024లో రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించింది. ఆ సాయం అవసరమే. కానీ బతికుండి, పైసలు పంపుతూ, ఇంట్లో లేని నాన్నల లెక్క ఏ జీవోలోకీ రాదు.

వాడు ఏం తీసుకుపోయాడు

మా అక్క పిల్లలకు పంచమని రెండు కిలోల చాక్లెట్లు పంపింది. మొదటి రోజే అయిపోయాయి, ఎవరికీ గుర్తు లేవు. దోస్తుకు గుర్తున్నది మావాడు నేర్పిన చెస్. మావాడు తీసుకుపోయింది గోళీలు, ఒక నాలుగో తరగతి పుస్తకం, ‘ఏందిరా భై’ అనే మాట. ఆ మాట డాలస్‌లో వాళ్లమ్మ మీద వాడి తిట్లు తిన్నాడట.

మీ అక్క పిల్లలో, అన్న పిల్లలో బయట దేశాల్లో ఉంటే, ఈసారి వచ్చినప్పుడు రెండు రోజుల టూర్‌లా కాకుండా రెండు వారాలైనా ఊళ్లో ఉంచండి. మొదటి వారం వాళ్లు ఊరిని చూస్తారు. ఊరి పిల్లలు వాళ్లను చూస్తారు. అసలు మాటలు రెండో వారంలో గానీ మొదలుకావు. ఎనిమిది నెలల లెక్క వాడు వేసింది కూడా రెండో వారం చివర్లోనే.

ఇప్పుడు ఆదివారాలు ఒక కాల్ నడుస్తోంది. మా ఊళ్లో రాత్రి ఏడున్నర, డాలస్‌లో ఉదయం తొమ్మిది, రియాద్‌లో సాయంత్రం ఐదు. మొదట ఇద్దరు పిల్లలే చెస్ కోసం మాట్లాడుకునేవాళ్లు. దోస్తు వాళ్ల నాన్నకు డ్యూటీ లేని ఆదివారం ఆయన్నూ కలుపుకున్నారు. ఆయనకు చెస్ రాదు. అయినా మంచం మీద పడుకుని, ఫోన్ ఛాతీ మీద పెట్టుకుని, ఇద్దరి మాటలూ వింటూ ఉంటాడు. పోయిన ఆదివారం ‘గుర్రం ఎటు దుంకుతది?’ అని అడిగాడు. కొడుకు ఓపికగా నేర్పిస్తున్నాడు.