సున్నా టికెట్టు – ఊరికే వచ్చిందా?

నెల ఖర్చులు పుస్తకంలో రాసుకోవడం పెళ్లయిన కొత్తలో మా అత్తయ్య నాకు నేర్పిన అలవాటు. పాలు, కూరలు, గ్యాసు, కరెంటు, పిల్లల ఫీజులు... ఆ వరసలో "బస్సు" అని ఒక గడి ఉండేది. అమ్మాయి కాలేజీ పాసు, అత్తయ్యని బీపీ చూపించడానికి నరసరావుపేట తీసుకెళ్లే ఖర్చు, పెళ్లిళ్లూ పేరంటాలూ అన్నీ అందులోకే. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలైనప్పటి నుంచి ఆ గడి దాదాపు ఖాళీగా ఉంటోంది.

మిగిలిన డబ్బు సంగతి అలా ఉంచండి. ఆ గడిలో డబ్బుతో పాటు ఇంకోటి కూడా ఉండేదని నాకు ఇప్పుడే అర్థమైంది. మా పుట్టింటికి వెళ్లాలంటే ఒక కారణం కావాలి. పండగో, శుభకార్యమో, అమ్మకి ఒంట్లో బాగోకపోవడమో. "ఇప్పుడెందుకు?" అని మా ఆయన కోపంగా అడిగేవారు కాదు, మామూలుగానే అడిగేవారు. కానీ జవాబు చెప్పాలి కదా! ఇప్పుడు పొద్దున వంట చేసి పెట్టి బయల్దేరుతున్నాను. "ఏంటి పని?" అంటే "ఊరికే" అంటున్నాను. మన తెలుగులో ఈ మాట ఎంత చక్కనిదో చూడండి. పైసా ఇవ్వకుండా అన్నా ఊరికే, పనేమీ లేకుండా అన్నా ఊరికే! రెండో ఊరికే కోసం మనం ఎన్నేళ్లు ఆగామో.

అయితే ఇల్లు నడిపే మనకి ఒక సంగతి బాగా తెలుసు. ఏదీ ఊరికే రాదు. ఎవరో ఒకరు కడతారు. ఈ పథకానికి ఏడాదికి సుమారు 1,942 కోట్లు అవుతుందని ప్రభుత్వం లెక్క వేసింది. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ – ఈ అయిదు రకాల బస్సుల్లో మనం ఎక్కినప్పుడల్లా కండక్టరు సున్నా టికెట్టు కొడతాడు. మన దగ్గర తీసుకోని ఛార్జీ ప్రభుత్వం ఆర్టీసీకి చెల్లించాలి. అంటే ఆ చిన్న కాగితం ముక్క మన తరఫున ఇచ్చిన రసీదు లాంటిది.

అందుకే "ఎలాగూ ఫ్రీయే కదా, టికెట్టు ఎందుకులే" అనే ఆడవాళ్లని చూస్తే నాకు నోరు ఊరుకోదు. టికెట్టు తీసుకోని ప్రయాణం లెక్కలో లేని ప్రయాణం. ఏ దారిలో ఎన్ని ట్రిప్పులు తిప్పాలో డిపోలో ఊహించి వేయరు. సీట్లు ఎంత నిండుతున్నాయి, కిలోమీటరుకి ఎంత వస్తోంది అని చూస్తారు. ఆ లెక్కంతా టికెట్ మిషన్ లోంచే వస్తుంది. పొద్దున ఆరున్నర బస్సులో నలభై మంది ఆడవాళ్లు ఉన్నారని ఆ మిషన్‌కి తెలియకపోతే, రేపు ఆ బస్సు ఉండాలని ఎవరు చెప్తారు?

ఇంకో మెలిక ఉంది. టికెట్టు డబ్బు ఎవరిచ్చినా అది డీజిలుకీ, టైర్లకీ, రోజువారీ తిప్పడానికీ పోతుంది. ఉద్యోగులు 2020 జనవరిలో ప్రభుత్వంలో కలిశారు కాబట్టి జీతాలు ప్రభుత్వమే ఇస్తోంది. మరి కొత్త బస్సు? నెలవారీ సరుకుల డబ్బుతో ఫ్రిజ్ కొనలేం కదా, దానికి విడిగా కూడబెట్టాలి. ఇదీ అంతే. ఎక్కేవాళ్లు పెరిగి బస్సులు పెరగకపోతే మిగిలేది తోపులాటే. కేంద్రం 2023లో పీఎం ఈ-బస్ సేవ అని పది వేల ఎలక్ట్రిక్ బస్సుల పథకం తెచ్చింది గానీ అది నగరాలకి. కారంపూడి లాంటి ఊళ్లకి పల్లెవెలుగే దిక్కు.

మెయిన్ రోడ్డు మీద ఉన్నవాళ్ల సంగతి కాస్త నయం. రోడ్డు నుంచి నాలుగైదు కిలోమీటర్లు లోపలున్న పల్లె వాళ్లు ఈ ఉచిత బస్సు ఎక్కడానికి ముందు ఆటోకి డబ్బులిచ్చి రావాలి. మిరప కోతల రోజుల్లో కూలికి వెళ్లే ఆడవాళ్లని చూడండి. ఆటోల్లో డ్రైవరు పక్కన కూడా ఇరుక్కుని, ట్రాక్టరు ట్రక్కుల్లో ఒకరి మీద ఒకరు పడి వస్తుంటారు. 2025 ఫిబ్రవరిలో మన జిల్లాలోనే ముప్పాళ్ల మండలంలో మిరప కోతల నుంచి వస్తున్న ట్రాక్టరు బోల్తా పడి నలుగురు ఆడవాళ్లు చనిపోయారు. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. చేలోకి బస్సు రాదు, నిజమే. కానీ వాళ్ల ఊరి మీదుగా, వాళ్లు పనికెళ్లే వేళకి ఒక బస్సు ఉంటే కనీసం సగం దూరమైనా భద్రంగా వెళ్తారు కదా.

మా వీధిలో ఆటో నడిపే అబ్బాయి భార్య నన్ను "వదినా" అంటుంది. బస్సు ఫ్రీ అయ్యాక వాళ్ల బేరాలు తగ్గాయి. అక్టోబరులో ఆటో డ్రైవర్లకి ప్రభుత్వం ఇచ్చిన పదిహేను వేలు వాళ్లకీ వచ్చాయి. "వచ్చాయి వదినా, కాదనను. కానీ ఏడాదంతా తినాలి కదా" అంది. ఆ పిల్లే మళ్లీ "నేనూ బస్సులోనే మా అమ్మ దగ్గరకి వెళ్లొస్తున్నాలే" అని నవ్వింది. ఆమె మాట కూడా ఇక్కడ రాయకపోతే తప్పు.

ఈమధ్య మేము ఓ పదిమందిమి కూర్చుని ఒక పని చేశాం. లాంగ్ నోట్‌బుక్ కాగితం మీద గళ్లు గీసి – ఎవరు, ఏ ఊరికి, ఏ రోజు, ఎన్నింటికి వెళ్లాలి, ఎన్నింటికి తిరిగి రావాలి – రాసుకున్నాం. కాలేజీ పిల్లలకి సాయంత్రం అయిదు దాటాక బస్సు కావాలి. ఆస్పత్రికి వెళ్లేవాళ్లకి తొమ్మిదిలోపు చేరాలి. బట్టల కొట్లలో పనిచేసే అమ్మాయిలకి రాత్రి ఎనిమిది తర్వాత కావాలి. రాసి చూస్తే ఆశ్చర్యం వేసింది. మేమెవ్వరం "ఎక్కువ బస్సులు" అడగడం లేదు, ఫలానా వేళకి ఒక బస్సు అడుగుతున్నాం. "బస్సులు వేయండి" అనే అర్జీకీ ఈ కాగితానికీ చాలా తేడా ఉంది. దాన్ని అర్జీగా మార్చి ఇచ్చాం. చూస్తామన్నారు. మేమూ చూస్తున్నాం!

ఇచ్చేటప్పుడు ఒకావిడ "మనం రాస్తే ఎవరు చదువుతారండీ" అంది. బి.ఏ. తెలుగు చదివినదాన్ని కదా, ఊరుకోలేకపోయాను. "నాయకురాలు నాగమ్మ మంత్రాంగం నడిపిన పల్నాడు ఇది. ఆవిడ రాజ్యాన్నే నడిపింది, మనం ఒక బస్సు టైము అడగలేమా?" అన్నాను. అందరం నవ్వుకున్నాం. నాగమ్మ యుద్ధం దాకా వెళ్లిందనుకోండి, మనకి అంత అక్కర్లేదు. సోమవారం సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు, అది చాలు.

మీ ఊళ్లో కూడా ఇలాంటి కాగితం ఒకటి రాసి చూడండి. ఆధార్ కార్డు బ్యాగులో పెట్టుకోండి. ఒక్క స్టాపు దూరమైనా సరే, టికెట్టు కొట్టించుకోండి. నా ఖర్చుల పుస్తకంలో ఆ బస్సు గడి ఖాళీగానే ఉండనీ. ఆర్టీసీ లెక్కల్లో మాత్రం మన గడి ఖాళీగా ఉండకూడదు.