మా వైపు సినిమాలు

యలమంచిలిలో సినిమా పిచ్చి ఉన్నవాడికి ఇష్టమైన చిత్రాలు చెప్పమంటే జాబితా ఎక్కడికో పోతుంది. నేను మాత్రం మా వైపు గాలి తగిలే మూడింటి దగ్గరే ఆగిపోతాను.

మొదటిది 1955 నాటి ‘కన్యాశుల్కం’. దానికి మూలమైన నాటకం రాసిన గురజాడ పుట్టిన ఎస్.రాయవరం మాకు పక్కనే. పి.పుల్లయ్య తీసిన ఆ సినిమాలో గిరీశంగా ఎన్.టి.రామారావు ఉన్నా నా కళ్లు సావిత్రి వేసిన మధురవాణినే వెతుక్కుంటాయి. సి.ఎస్.ఆర్. రామప్పపంతులుతో సావిత్రి మాట్లాడుతుంటే ఆ నవ్వులో చనువుంటుంది, తెలివుంటుంది, ఎక్కడో అలసట కూడా ఉంటుంది. అందరూ చులకనగా చూసే మనిషే అందరికన్నా నిటారుగా నిలబడటం నేను మొదట అక్కడే చూశాను. నాటకం చదివినప్పుడు కూడా నాకు ఆవిడ గొంతే వినిపిస్తుంది.

‘మరోచరిత్ర’ (1978) సంగతి అందరికీ తెలిసిందే. రంగుల కాలంలో బాలచందర్ నలుపు తెలుపుల్లో చూపించిన విశాఖ, భీమిలి తీరం నాకింకా అదే రంగులో కనిపిస్తాయి.

ఇక 2018లో వెంకటేష్ మహా తీసిన ‘కేరాఫ్ కంచరపాలెం’. నటించినవాళ్లలో చాలామంది విశాఖలోని ఆ కంచరపాలెం వాళ్లే. మా ఉత్తరాంధ్ర యాసను హాస్యగాడికో, పనివాడికో వదిలేసే తెరమీద, దాదాపు యాభై ఏళ్ల అటెండరు రాజు ప్రేమించాడు, అదే యాసలో, ఏ సంకోచమూ లేకుండా. మా అమ్మ మాట్లాడే మాట అది. దానికి కథానాయకుడి హోదా దక్కడం చూసి నాకు ఏడుపొచ్చింది.