నెల్లూరు డాక్టరుగారి పిట్టలు

డాక్టరుకు రోగులు కాక మరో లోకం వుంటుందంటే మనకు ఓ పట్టాన నమ్మబుద్ధి కాదు. తెల్లవారకముందే ఆయన కంపలవెంట, చెరువుగట్లవెంట పిట్టల్ని చూస్తూ తిరుగుతున్నాడంటే, ‘పాపం, ఏమైందో!’ అనుకుంటాం. 1840ల్లో నెల్లూరు వాళ్లు తమ సివిల్ సర్జనుగారిని గురించి అలాగే అనుకొని వుంటారు.

ఆయన పేరు థామస్ కేవర్‌హిల్ జెర్డన్. 1811లో ఇంగ్లండులో పుట్టి, వైద్యం చదివి, 1836లో కుంపిణీ వారి కొలువులో మద్రాసు చేరాడు. సైనికులకు మందులిస్తూ వూళ్లు తిరిగాడు. ఆ తిరుగుడులో మన నిజాం రాజ్యంలోని జాల్నా దండులో కూడా మకాం వేశాడు. జాల్నా వైపు కురిసిన వాన వాగులు పట్టుకొని గోదావరిలో కలిసి, చివరికి మా రెంజల్ పక్కన కందకుర్తి సంగమానికే రావాలి. అంచేత ఆయన్ని మరీ పరాయివాడనుకోవడానికి నాకు మనసు రాదు.

నెల్లూరులో వుండగానే ఆయన దక్షిణదేశపు పక్షుల బొమ్మల పుస్తకం మొదలుపెట్టాడు. 1843 నుంచి 1847 దాకా యాభై బొమ్మలతో అది వెలువడింది. చాలా బొమ్మలు గీసింది మన దేశపు చిత్రకారులే. అట్టమీద పేరు మాత్రం డాక్టరుగారిది; లోకరీతి అంతే గదా. ఆయనకు పిట్టలతో తనివి తీరలేదు. పాముల్నీ, తొండల్నీ, చివరికి చీమల్నీ కూడా వదలలేదు. 1851లో దక్షిణదేశపు చీమల జాబితా అచ్చువేశాడు. వేటను చూసి గెంతి పట్టుకొనే చీమ ఒకటుంది, దానికి శాస్త్రంలో పేరు పెట్టింది ఆయనే. ఆసుపత్రి పని చూసుకొని, మిగిలిన పొద్దులో చీమలబారు పక్కన గొంతుక్కూర్చున్న సర్జనుగారిని వూహించుకోండి!

1862–64 మధ్య ‘బర్డ్స్ ఆఫ్ ఇండియా’ అనే పెద్ద గ్రంథం వచ్చింది. అసలు తెలుగు పంతుల్ని నన్ను పట్టేసింది ఈ పుస్తకమే. ప్రతి పిట్ట కిందా లాటిన్ పేరుతో ఆగకుండా హిందీ, తమిళం, తెలుగు – ఎక్కడ ఏ పేరు దొరికితే ఆ పేరు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. అవి నిఘంటువులో దొరికే పేర్లు కావు. వలవేసేవాణ్ణీ, పశువుల కాపరినీ నిలబెట్టి అడిగితే తప్ప రావు. పాలపిట్ట దగ్గర పేరుకు అర్థం కూడా చెప్పాడు. ఆవు పాలు తక్కువిస్తే ఈ పిట్ట ఈకల్ని తరిగి గడ్డిలో కలిపి పెడితే చేపుకు వస్తుందని జనం నమ్మేవారట! దసరానాడు జమ్మిచెట్టు దగ్గర పాలపిట్ట కోసం మెడలు సాచే మనలో ఎందరికి ఈ సంగతి తెలుసు?

ఇక ఆయన పేరు నిలిపిన పిట్ట కథ వేరు. నెల్లూరు, కడప సీమల రాతినేల చిట్టడవుల్లో పొడుగుకాళ్ల పిట్ట ఒకటి ఆయనకు దొరికింది. ఆయన దొరకబుచ్చుకొన్న ఆ పిట్టను కలకత్తాలో బ్లైత్ అనే పండితుడు 1848లో లోకానికి పరిచయం చేశాడు. ఇంగ్లీషులో దాన్ని జెర్డన్స్ కోర్సర్ అంటారు. 1900 తర్వాత మళ్లీ కనిపించలేదు. ఎనభై ఆరేళ్లు! ఇక అంతరించిందనే అనుకున్నారు. తీరా 1986 జనవరిలో, కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర, ఆ వూరి వేటగాడొకడు రాత్రివేళ టార్చిలైటు వేసి దాన్ని పట్టాడు. వెతికింది బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ వారు, పట్టింది ఆయన. అది రాత్రి తిరిగే పిట్ట. పగలు వెతికితే ఏం దొరుకుతుంది? ఆ తర్వాతనే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వెలసింది.

కలివిపొదల్లో తిరుగుతుంది గనక కలివికోడి అన్నారు మనవాళ్లు. పాత ఇంగ్లీషు గ్రంథాల్లో మాత్రం దానికి మరో తెలుగు పేరుంది. అక్షరాలు విప్పి చదివితే ‘అడవ ఉత తిత్తి’. ఉత్త తిత్తి అంటే ఖాళీ సంచి అని అర్థం చెప్పారు దొరలు. నాకు నచ్చలేదు. దాని అరుపు దీనంగా వుంటుందన్నాడు జెర్డన్; ‘తిత్తి, తిత్తి’ అన్నది ఆ గొంతే కాబోలునని నా అనుమానం. తీతువు కూతే దాని పేరయినట్టు ఇదీ అయివుండవచ్చు. వ్యాకరణం దీనికి సాక్ష్యం చెప్పదు, పిట్టే చెప్పాలి.

జెర్డన్ 1872లో ఇంగ్లండులో కన్నుమూశాడు.

మా క్లాసులో కుర్రాళ్లు పరీక్షకాగితం మీద చకోరం, హంస, చక్రవాకం ధారాళంగా రాస్తారు. చెరుకుతోటల్లో పుట్టి పెరిగినవాళ్లే. గట్టుమీద వాలిన పిట్ట పేరడిగితే, ‘మా తాత ఏదో అంటడు సార్’ అని నవ్వేస్తారు. ఆ ‘ఏదో’ నాకు కావాలి. అందుకని ఈ చలికాలం వాళ్లకు కొత్త పని చెప్పాను: ఇంటికెళ్లి తాతను అడిగి, తాత అన్న మాట అన్నట్టే రాసుకు రమ్మన్నాను. ఇప్పటికి పదకొండు పేర్లు వచ్చాయి. అందులో నాలుగు ఏ నిఘంటువులోనూ దొరకలేదు.